గురక కోసం పిలిచిన మనిషి

ఇదొక మహాకావ్యం. ఇందులో ధీరోదాత్తుడైన నాయకుడున్నాడు. రాత్రుల తరబడి సాగిన యుద్ధముంది. దిక్కులు పిక్కటిల్లే శంఖారావముంది. చివర ఒక నిర్యాణం కూడా ఉంది. అష్టాదశ వర్ణనల్లో వేట, సముద్రం లాంటివి పక్కన పెడితే మిగతావి ఎలాగోలా సర్దవచ్చు.

నిజం చెప్పాలంటే అంత లేదు. విషయం గురక. శంఖారావం అన్నది కూడా దాన్నే.

ఆయన మా ఆవిడకి మేనమామ, మా అత్తగారికి తమ్ముడు. ఆ వరసన నాకు బాబాయి. కంకిపాడులో చిన్న బట్టల కొట్టు. పోయిన నెలలో పోయారు. పేరు రాయను. బతికినన్నాళ్ళూ నలుగురి నోళ్ళలో పడకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగిన మనిషి. పేరు రాయనివాడివి గురక సంగతి మాత్రం ఎందుకు రాస్తున్నావు అంటారేమో. నాకూ సిగ్గుగానే ఉంది. చివరిదాకా ఇలాగే ఉంటుంది, ముందే చెప్తున్నాను.

ఆయన చేతికి ఏ గుడ్డ తగిలినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసేవారు. కర్టెన్లు, సోఫా కవర్లు, బస్సులో ముందు కూర్చున్నవాడి చొక్కా కాలరు, ఏదైనా సరే. నా పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వచ్చి, ఆశీర్వదించి, నా షేర్వానీ అంచు నలిపి, చెవిలో చెప్పారు: "పాలిస్టర్ కలిసింది బాబూ. ఫ్యాను కిందే ఉండండి." ఆ రోజు నాకు పనికొచ్చిన ఆశీర్వచనం అదొక్కటే.

బస్సులో ఆయనకి సీటు దొరికిన మరుక్షణం లేచి ఇంకొకరికి ఇచ్చేవారు. ముసలివాళ్ళకే కాదు, కాలేజీ కుర్రాళ్ళకి కూడా. కంకిపాడు బస్సుల్లో ఆయన్ని దేవుడిలాంటి మనిషి అనేవారు. అసలు సంగతి మా ఆవిడ చెప్పింది. కూర్చుంటే కునుకు పడుతుందని భయం. సరుకు కోసం ఈరోడ్ వెళ్తే బెర్తు రిజర్వు చేయించుకుని, రాత్రంతా రైలు తలుపు దగ్గర నిలబడి టీలు తాగేవారట. ఆవలింత వచ్చినా కండువా నోటికి అడ్డం పెట్టుకునేవారు, లోపలున్నది ఎక్కడ బయటపడుతుందో అన్నట్టు.

మూలం ఆయన పెళ్ళి. విడిదింట్లో పెళ్ళికొడుకు పడుకున్న రాత్రి, ఆడపెళ్ళివారు పొలంలో ఎవరో ఆయిలింజను ఆపడం మర్చిపోయారనుకుని టార్చిలైట్లు పట్టుకుని గట్ల వెంట తిరిగారట. తెల్లారాక సంగతి తెలిసి పందిరంతా నవ్వింది. అప్పటినుంచీ ఆయన ఏ చుట్టాలింట్లోనూ రాత్రి ఆగలేదు. ఎంత పొద్దుపోయినా, వానైనా, ఆఖరి బస్సుకి బయల్దేరేవారు.

"నాకు కొత్త చోట నిద్ర పట్టదండీ," అనేవారు.

"అవునవును, కొందరికంతే," అనేవారు అందరూ. నిజం తెలియనివాళ్ళు లేరు. తెలియనట్టు ఉండటం మా అత్తగారి వైపు వంశపారంపర్యం.

మా పాప బారసాల బెజవాడలో మా అత్తగారింట్లోనే జరిగింది. పాపకి పేరు పెట్టారు, ఉయ్యాలలో వేశారు, ఆడవాళ్ళు పాట పాడారు. పాప ఆ పాటకంటే ఒక శ్రుతి ఎక్కువలో ఏడ్చింది. పొద్దున్నుంచీ ఏడుస్తూనే ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. నిద్ర అనేది తనకి సంబంధించిన శాఖ కాదన్నట్టు ఉండేది.

భోజనాలయ్యాయి. బాబాయిగారు మూడు బొబ్బట్లు తిన్నారు, అదీ పిన్నిగారు వద్దంటున్నా. ఎండలో ప్రయాణం చేసి వచ్చారు. ఉయ్యాల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాప దుప్పటి నలిపి చూస్తూ చూస్తూ తల వాల్చారు.

నేను ఆటోనగర్లో స్పేర్ పార్టుల షాపులో అకౌంట్లు చూస్తాను. చుట్టూ షెడ్లే. పాత లారీలు స్టార్టవడం రోజూ వింటాను. అయినా అలాంటిది వినలేదు. ముందు రెండుసార్లు దగ్గినట్టు వచ్చి ఆగింది. తర్వాత అందుకుంది. స్టీలు గ్లాసులో చెంచా వణికింది. వడ్డించేవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పిన్నిగారు మొహం కందిపోయి పరుగున వచ్చారు.

"ఏవండీ... ఏవండీ... అందరూ చూస్తున్నారు, లేవండి."

"లేపకండి పిన్నిగారూ!" అని చెయ్యి పట్టుకున్నంత పనిచేశాను.

"అదేంటి బాబూ, ఈ మోతకి పసిపిల్ల దడుచుకోదూ?"

"పిల్లని చూడండి ఒకసారి."

అందరూ ఉయ్యాలలోకి వంగి చూశారు. పాప నోరు కొంచెం తెరుచుకుని, పిడికిళ్ళు వదులు చేసి, నిద్రపోతోంది. అంతమంది చుట్టాల సందడీ ఒక్కసారి అణిగిపోయింది. విస్తళ్ళు కూడా కాలివేళ్ళ మీద నడిచి ఎత్తారు. కాసేపటికి బాబాయిగారికి మెలకువ వచ్చి కళ్ళు తెరిస్తే, ఇంటెడు జనం నోరెత్తకుండా తనవైపే చూస్తున్నారు. ఆయన చెయ్యి కండువా మీదికి వెళ్ళింది.

"ఏమన్నా... వినపడిందా?"

"ఏం లేదురా తమ్ముడూ. ఫ్యాను చప్పుడు," అంది మా అత్తగారు.

పాప లేచి ఏడుపు అందుకుంది. ఆయన ఎవరి మొహమూ చూడకుండా చెప్పులు వేసుకుని బస్సుకి వెళ్ళిపోయారు.

మూడో నెల వచ్చాక పాపని మా ఫ్లాటుకి తెచ్చుకున్నాం. అప్పటినుంచి అసలు యుద్ధం. పాప గంటకోసారి లేచేది. లేచాక మేం లేచామో లేదో సరిచూసుకునేది. భుజాన వేసుకుని తిప్పాం, ఒళ్ళో వేసుకుని జోకొట్టాం. మిక్సీ వేశాం. ఫోన్లో వాన చప్పుడు పెట్టాం, పాప ఏడుపు మానేయలేదుగానీ నాకు మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చింది. బారసాల రోజు మా బావమరిది సరదాకి రికార్డు చేసిన బాబాయిగారి గురక కూడా పెట్టాం. పాప కాసేపు విని, నకిలీ సరుకని తేల్చి, మళ్ళీ మొదలుపెట్టింది.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నానుగానీ అప్పుడు నవ్వు లేదు. మా ఆవిడ పొయ్యి ముందు నిలబడే నిద్రపోయింది, పాలు పొంగి మంట ఆరి గ్యాస్ వాసన వస్తున్నా తెలియలేదు. నాకు బందరు రోడ్డు సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పట్టింది, వెనక ఆటోవాడి హారనుకి లేచాను. ఆ రోజు ఇంటికి వస్తే మా ఆవిడ ఏడవను కూడా ఓపిక లేక గోడకి ఆనుకుని కూర్చునుంది.

"మావయ్యని పిలవండి," అంది.

"ఏమని పిలవను?"

"ఏమో. మీరు జోకులు బాగా వేస్తారుగా, ఎలాగో చెప్పండి."

అల్లుడు హోదాలో నేను అత్తవారి వైపు చాలా మర్యాదలు అందుకున్నాను. పెద్దమనిషిని 'మా ఇంటికొచ్చి గురక పెట్టండి' అని అడగడం ఆ మర్యాదల పట్టికలో లేదు. కంకిపాడు వెళ్ళి, కొట్టులో కూర్చుని, ఆయన తెప్పించిన సోడా తాగి, మొదలుపెట్టాను.

"పాప మిమ్మల్ని బాగా తలుచుకుంటోంది బాబాయిగారూ."

"ఇంకా మాటలు రాలేదు కదా బాబూ?"

"రాలేదండీ. చూపుల్లో తెలుస్తుంది."

"ఓహో."

"ఒక రెండు రోజులు వచ్చి ఉంటే... మార్పుగా ఉంటుంది మీకు కూడా."

"నాకు కొత్త చోట నిద్ర పట్టదు బాబూ," అన్నారు యథాప్రకారం.

కొట్టు వెనకే ఇల్లు. లోపల్నుంచి పిన్నిగారి గొంతు వచ్చింది: "గురక కోసం వచ్చాడయ్యా ఆ అబ్బాయి! సోడా మీద సోడా పోస్తారేంటి, సంగతి అడక్కుండా!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ముందున్న తువ్వాలు మడత విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పారు. నేను నా చెప్పుల వంక చూశాను. నాకు ఆ క్షణంలో ఒక్క జోకూ తట్టలేదు. నా జీవితంలో అదొక రికార్డు.

"దానికి పడుకుంటుందా పిల్ల?" అన్నారు గొంతు తగ్గించి.

"బారసాల రోజు పడుకుంది కదండీ."

"ఫ్యాను చప్పుడన్నారు?"

"కాదండీ."

ఆయన ఇంకోసారి తువ్వాలు మడిచారు. "పక్క ఫ్లాటు వాళ్ళు ఏమన్నా అనుకుంటారేమో," అన్నారు. అదే అంగీకారం.

శనివారం కొట్టు కట్టేసి, తన దుప్పటి, తన దిండు సంచిలో పెట్టుకుని వచ్చారు. పరీక్షకి వచ్చిన కుర్రాడిలా ఉన్నారు. మంచం మీద ఉయ్యాల పక్కన నిటారుగా పడుకుని కళ్ళు మూసుకున్నారు. పాప ఏడుస్తోంది. మా ఆవిడా నేనూ గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నాం.

"పడుకున్నారా బాబాయిగారూ?"

"లేదు బాబూ. ప్రయత్నిస్తున్నా."

జీవితమంతా నిద్ర రాకుండా ఆపుకున్న మనిషిని ఇప్పుడు నిద్రపొమ్మంటే ఎక్కడినుంచి వస్తుంది? మా ఆవిడ పెరుగన్నం తెచ్చింది. "ఇంకో ముద్ద తిను మావయ్యా, బరువుగా ఉంటే పడుతుంది." తిన్నారు. పట్టలేదు. "రావట్లేదమ్మా, ఏమనుకోకండి," అని మా ఇద్దరికీ క్షమాపణ చెప్పారు. ఆఖరికి నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని నా ఉద్యోగం గురించి చెప్పడం మొదలుపెట్టాను. క్లచ్ ప్లేట్ల మీద జీఎస్టీ, వెనక్కి వచ్చిన బేరింగులు, వాటికి రాయాల్సిన క్రెడిట్ నోట్లు.

"అయితే కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారా?" అని మర్యాదకి ఒకసారి అడిగారు.

ఒప్పుకున్నారో లేదో చెప్పేలోపు మోటారు అందుకుంది. వెంటనే పాప ఆగింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషానికే. నేను మాత్రం నా వృత్తికి లోకంలో ఒక ప్రయోజనముందని ఆ రాత్రి తెలుసుకున్నాను.

అది ప్రతిసారీ పనిచేసేదని చెప్పను. కొన్ని రాత్రులు ఆయన గురక పెడుతూనే ఉండేవారు, పాప ఏడుస్తూనే ఉండేది, కచేరీలా సాగేది. కానీ సగం సార్లైనా పనిచేసేది, ఆ సగం మీదే మేం బతికాం. వారానికి రెండు మూడుసార్లు వచ్చేవారు. పొద్దున్నే లేచి, మొదట పాప మొహం చూడకుండా మా మొహం చూసేవారు. "ఎలా ఉంది రాత్రి?" అని. బాగుందంటే తల ఆడించి, కొట్టులో సరుకు అమ్ముడైనట్టు ఒక చిన్న నవ్వు నవ్వేవారు. పాపని ఎత్తుకుని "ఏం మామ్మా, తాతయ్య పాట బాగుందా?" అని అడగడం కూడా మొదలుపెట్టారు. ఆయన నోట గురక మాట సరదాగా రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి అని పిన్నిగారు అన్నారు.

అప్పుడే లిఫ్టులో ఒకటి జరిగింది. పొద్దున ఆయన్ని బస్సెక్కించడానికి దిగుతున్నాను. మా అసోసియేషన్ సెక్రటరీగారు ఎక్కారు, కింది ఫ్లాటే.

"ఏవండీ, రాత్రిళ్ళు మీ ఇంట్లో బోరు వేయిస్తున్నారా?"

బాబాయిగారు నా పక్కనే ఉన్నారు, దిండు సంచితో.

"లేదండీ, వాషింగ్ మెషీన్ పాడైంది," అన్నాను. నాకు అలాంటివి ఆలోచించకుండానే వస్తాయి.

"మరీ అంత మోతా? పాతదా?"

"బాగా పాతదండీ. మా అత్తగారి వైపు నుంచి వచ్చింది."

సెక్రటరీగారు నవ్వారు. నేనూ నవ్వాను. బాగా పేలిందనుకున్నాను కూడా. లిఫ్టు కిందికి వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే బాబాయిగారు కూడా నవ్వుతున్నారు. అది చూడకుండా ఉంటే బాగుండేది.

బస్టాపులో, బస్సు వస్తుంటే అన్నారు: "మంచిపని చేశారు బాబూ. గ్రైండరన్నా నమ్మేవాడు కాదు, ఆ వేళప్పుడు ఎవరు రుబ్బుతారు? వాషింగ్ మెషీనే నయం. ఇంకెవరన్నా అడిగినా అదే చెప్పండి." ఎత్తిపొడుపు కాదు. నిజంగానే మెచ్చుకున్నారు. సీటు దొరికింది, లేచి ఎవరికో ఇచ్చారు, బస్సు కదిలింది.

తర్వాత కూడా వచ్చారు. కానీ లిఫ్టు ఎక్కడం మానేశారు. మోకాళ్ళ నొప్పులతో మా మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చేవారు. "వ్యాయామం బాబూ," అనేవారు. "అవునవును, మంచిదండీ," అనేవాడిని. అప్పటికి ఆ ఇంటి అల్లుడిగా నేను బాగా తయారయ్యాను.

ఒక మధ్యాహ్నం ఆయన భోంచేసి, ఇంట్లో పడుకుని, లేవలేదు. గుండె అన్నారు. కబురు తెలిసి అత్తగారూ మామగారూ వెంటనే వెళ్ళిపోయారు. ఆయన కొడుకు పుణే నుంచి వచ్చేదాకా ఆగాలి. అత్తగారు ఫోన్ చేసింది.

"రాత్రి పాపతో అది ఒక్కతే ఉండలేదు బాబూ. మీరిద్దరూ పొద్దున్నే రండి. ఎండెక్కకముందే తీసుకెళ్ళిపోతారట. ఆలస్యం చేయకండి."

పసిపిల్లని అక్కడికి తీసుకెళ్ళకూడదు కాబట్టి కింద సెక్రటరీగారి భార్య ఉంచుకుంటానన్నారు. అన్నీ సిద్ధం చేసుకున్నాం. మా ఆవిడ ఏడ్చి ఏడ్చి పడుకుంది. అలారం పెట్టలేదు. మా ఇంట్లో అలారం పెట్టే అలవాటు పోయి నెలలైంది, గంటకోసారి లేపే మనిషి ఉయ్యాలలో ఉండగా ఎందుకు? ఫోన్లు కూడా పాప కోసం రాత్రిపూట నోరు నొక్కేసి పెట్టేవాళ్ళం.

ఎండ కాళ్ళ మీద పడి చురుక్కుమంటే మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఒక్క ఉదుటున ఉయ్యాల దగ్గరికి వెళ్ళాను. ఏమనుకుంటూ వెళ్ళానో రాయను. పాప మేలుకునే ఉంది. కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని, తీరిగ్గా, నన్ను చూసి నవ్వింది.

మా ఆవిడ వెనకే వచ్చింది. "పడుకుందండీ! రాత్రంతా పడుకుంది!" అని నా చొక్కా పట్టుకుని ఊపేసింది. నవ్వుతోంది. నేనూ నవ్వాను. పాపని ఎత్తుకుని గదిలో గుండ్రంగా తిరిగాం కూడా. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. తర్వాత మా ఆవిడ మొహంలో నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది, నేను ఫోన్ తీశాను. తెర నిండా అత్తగారి మిస్డ్ కాల్సే.

మేం వెళ్ళేసరికి మగవాళ్ళు కాలవలో స్నానాలు చేసి తడిబట్టలతో వెనక్కి వస్తున్నారు. వాకిలి కడిగేశారు. అత్తగారు మా ఇద్దరి మొహాల వంకా చూసింది. కంటి కింద వాపు లేకుండా, కళ్ళలో ఎరుపు లేకుండా, కంటినిండా పడుకున్న మొహాలు. ఏమీ అనలేదు. ఆ వంశంలో ఎవరూ ఏమీ అనరు.

పిన్నిగారే మా ఆవిడ చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకున్నారు.

"రాత్రంతా ఏడ్చి ఉంటుంది కదే పిల్ల? మీ మావయ్య లేడని తెలిసిపోయుంటుంది దానికి. మీకు తెల్లారగట్ల కునుకు పట్టుంటుంది. నాకు తెలుసులే, బాధపడకు."

మా ఆవిడ నా వంక చూసింది. నేను అవుననీ కాదనీ కాకుండా తల ఆడించాను. మా ఆవిడ అవునన్నట్టే ఆడించింది.

"నాకూ అంతే," అన్నారు పిన్నిగారు. "ఆయన పక్కనే పడుకున్నా నిన్న. చప్పుడు ఆగిపోయేసరికి మెలకువ వచ్చేసింది."

తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ అదే చెప్పారు. ఆ పసిపిల్ల ఈయన లేనిదే కన్ను మూసేది కాదని, బెజవాడ నుంచి అల్లుడు వెతుక్కుంటూ వచ్చి పిలుచుకెళ్ళాడని, నిన్న రాత్రి ఇక ఎవరి తరమూ కాలేదని. విడిదింటి ఆయిలింజను కథ తెలిసిన ముసలివాళ్ళు కూడా విని 'అదృష్టవంతుడు' అన్నారు. నేను ఒక మూల నిలబడి, హాయిగా నిద్రపోయి తేరుకున్న కళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలియక, కండువా లేనందుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు. అది కూడా నా ఖాతాలో వేశారు.

ఇప్పటికీ పిన్నిగారు రెండు రోజులకోసారి ఫోన్ చేస్తారు. "పడుకుంటోందా అమ్మా?" అంటారు. ఆ ప్రశ్నలో ఆశ ఏ వైపు ఉందో మాకు తెలుసు.

"ఎక్కడండీ, లేస్తూనే ఉంది. వెతుక్కుంటోంది పాపం," అంటుంది మా ఆవిడ, పక్క గదిలో నిద్రపోతున్న పాప లేవకుండా గొంతు తగ్గించి.

ఆయన పోయిన రోజు సాయంత్రం మెడికల్ షాపులో స్మాల్ సైజు డైపర్లు అయిపోయి మీడియం ఇచ్చారు. ఆ రాత్రి పాపకి వేసింది అదే. పాప బరువుకి స్మాల్ ఎప్పుడో బిగుతైపోయిందట, నడుము దగ్గర ఒరుసుకుంటే పిల్లలు రాత్రిళ్ళు లేస్తారట. ఏ బరువుకి ఏ సైజో ప్యాకెట్ వెనకే ఉంటుంది.